పిఠాపురం మెజారిటీ నోటికొస్తుంది, మన వార్డు సంగతో?

2024 జూన్ 4. దేశమంతా ఓట్లు లెక్కపెడుతున్న రోజు. అండమాన్ నికోబార్ దీవులకున్న ఒకే ఒక్క లోక్‌సభ స్థానం ఫలితం కూడా ఆ రోజే తేలాలి. పొద్దున్నే మా పోర్ట్ బ్లెయిర్‌లోని జంగ్లీఘాట్ చేపల బజారుకు వెళ్తే, సూర చేప కోస్తున్నావిడ త్రాసు పక్కన ఫోను నిలబెట్టుకుని హైదరాబాద్ చానల్ చూస్తోంది. నన్ను చూడగానే, “టీచరమ్మా, పిఠాపురంలో పవన్ కల్యాణ్ ఎన్ని వేలు ముందున్నాడో చూసినారేటి?” అంది.

“చూళ్లేదమ్మా. మన అండమాన్‌లో ఎవరు ముందున్నారు?” అన్నాను.

“ఇక్కడేటుంది టీచరమ్మా, ఎవులో ఒకలు గెలుత్తారు” అని మళ్లీ ఫోను వైపు తిరిగింది.

ఆమె పుట్టింది ఇక్కడే. ఓటు ఇక్కడే. తాతలది శ్రీకాకుళం జిల్లా సముద్రతీరం. పిఠాపురం ఆమె కళ్లతో చూసింది కూడా లేదు. సాయంత్రానికల్లా పవన్ కల్యాణ్ మెజారిటీ 70,279 అని, మంగళగిరిలో లోకేశ్ మెజారిటీ 91,413 అని మా వీధిలో పిల్లలు సైతం చెప్పేశారు. ఇక్కడ బీజేపీ అభ్యర్థి బిష్ణు పద రే, కాంగ్రెస్ సిట్టింగ్ ఎంపీ కుల్‌దీప్ రాయ్ శర్మను ఓడించారన్న కబురు ఆ తర్వాతే వచ్చింది. దాని గురించి ఆగి మాట్లాడుకున్నవాళ్లు తక్కువ.

తెలుగు మాధ్యమ పాఠశాలలో సాంఘికశాస్త్రం చెప్పి రిటైరైనదాన్ని. ఆంధ్ర ముఖ్యమంత్రులను వరసగా అప్పజెప్పే పిల్లలు, తమ వార్డు సభ్యుడి పేరు అడిగితే ఒకరి మొహం ఒకరు చూసుకోవడం నాకు అలవాటైన దృశ్యం. వాళ్లది తెలివితక్కువతనం అని నేనెప్పుడూ అనుకోలేదు. దూరపు రాజకీయం ఇంత దగ్గరగా, దగ్గరి రాజకీయం ఇంత దూరంగా అనిపించడానికి గట్టి కారణాలే ఉన్నాయి. వాటిని తెలుసుకుంటే తప్ప ఈ అలవాటు మారదు.

మెయిన్‌ల్యాండ్ నుంచి వచ్చినవాళ్లం

2011 జనాభా లెక్కల ప్రకారం ఈ దీవుల్లో ఉన్నది 3,80,581 మంది. అందులో తెలుగు మాతృభాషగా ఉన్నవాళ్లు సుమారు 50 వేలు, అంటే 13 శాతం పైచిలుకు. ఎక్కువమంది ఉత్తరాంధ్ర తీరం నుంచి వచ్చినవాళ్లు. చేపల వేటకు కొందరు, రోడ్లు, జెట్టీలు, అడవి పనులకు కొందరు, చిన్న వ్యాపారాలకు కొందరు విశాఖ రేవులో ఓడెక్కారు. విశాఖకూ మాకూ మధ్య దాదాపు 1,200 కిలోమీటర్ల సముద్రం. ఓడలో రెండున్నర రోజుల ప్రయాణం.

మా నాన్నా అలా వచ్చినవాడే. మెయిన్‌ల్యాండ్ కబురు కోసం ఆయన పడ్డ ఆరాటం నాకిప్పటికీ గుర్తుంది. ఓడ వచ్చిందంటే తెలిసినవాళ్ల దగ్గర పాత తెలుగు పేపర్లు అడిగి తెచ్చుకునేవాడు. తేదీ ఎంత పాతదైనా మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా చదివేవాడు. 1983 జనవరిలో ఎన్టీఆర్ గెలిచినప్పుడు ట్రాన్సిస్టర్ చెవికి ఆనించుకుని, ఢిల్లీ నుంచి వచ్చే తెలుగు వార్తలు విన్నాడు. పార్టీ పుట్టి ఏడాదైనా నిండలేదు, అధికారంలోకి వచ్చేసింది. ఆ రాత్రి మా ఇంటి ముందు పదిమంది పోగయ్యారు. వాళ్లలో ఒక్కరికీ ఆంధ్రలో ఓటు లేదు.

కాబట్టి ఈ మక్కువ ఇవాళ ఫోన్లతో పుట్టింది కాదు. వేగమే ఇప్పుడు వచ్చింది.

సముద్రం అడుగున వచ్చిన వేగం

2020 ఆగస్టు 10న చెన్నై నుంచి పోర్ట్ బ్లెయిర్‌కూ మరో ఏడు దీవులకూ సముద్రగర్భ ఆప్టికల్ ఫైబర్ కేబుల్ మొదలైంది. పొడవు సుమారు 2,300 కిలోమీటర్లు, ఖర్చు రూ.1,224 కోట్లు. అంతకుముందు మా ఇంటర్నెట్ ఉపగ్రహాల మీద ఆధారపడి నత్తనడక నడిచేది. వీడియో ఆడక మధ్యలోనే ఆగిపోయేది. కేబుల్ పుణ్యమా అని పిల్లల చదువులకూ, డాక్టర్ సలహాలకూ, బ్యాంకు పనులకూ ఎంతో మేలు జరిగింది. అదే దారిలో హైదరాబాద్ స్టూడియోల చర్చలూ రోజంతా మా ఇళ్లలోకి వచ్చేశాయి.

ఆ స్టూడియోలో కూర్చున్న వ్యాఖ్యాతకు మా జంగ్లీఘాట్ కాలువతో పని లేదు. ఉండాలని కోరడం కూడా న్యాయం కాదు. ఆయన ప్రేక్షకులు కోట్లలో ఉన్నారు, మేం వేలల్లో ఉన్నాం. మా ప్రభుత్వ దినపత్రిక ‘ది డైలీ టెలిగ్రామ్స్’ చూస్తే టెండర్లు, ఓడల రాకపోకలు, నీటి సరఫరా వేళలు ఉంటాయి. బతుక్కి కావలసినవన్నీ అందులోనే ఉంటాయి. అయితే వాటిలో నాయకుడూ ప్రతినాయకుడూ ఉండరు, శపథాలు ఉండవు, జైలుకెళ్లి తిరిగొచ్చి గెలవడాలు ఉండవు. 2023 సెప్టెంబరు 9న చంద్రబాబును అరెస్టు చేసిన దగ్గర్నుంచి 2024 జూన్ ఫలితాల దాకా ఆంధ్రలో నడిచింది మలుపు మీద మలుపున్న కథ. చూసేవాళ్లను పట్టి కూర్చోబెట్టింది. వార్డు కథను అంత ఆసక్తిగా, మన భాషలో మనకు చెప్పేవాళ్లు లేకపోవడమే సగం సమస్య.

దేశపటం ఒకటి, చుట్టరికం ఒకటి

క్లాసులో నేను గోడమీద పటం వేలాడదీసి పిల్లల్ని ఒక ప్రశ్న అడిగేదాన్ని: మనకు దగ్గరున్న దేశాలేవి? గ్రేట్ నికోబార్‌లోని ఇందిరా పాయింట్ నుంచి ఇండోనేషియా వాళ్ల సుమత్రా దీవి రెండు వందల కిలోమీటర్ల లోపే. ఉత్తరాన మయన్మార్‌కు చెందిన కోకో దీవులు ఇంకా దగ్గర. 2021 ఫిబ్రవరి 1న మయన్మార్‌లో సైన్యం అధికారం లాక్కుంది. ఇరుగింట్లో జరిగిన ఆ సంగతి మా టీ కొట్ల దగ్గర ఎక్కువ రోజులు నలగలేదు. వేల మైళ్ల అవతలి అమెరికా ఎన్నిక మాత్రం నెలల తరబడి నలిగింది. ఉపాధ్యక్ష పదవికి పోటీ చేసిన జె.డి. వాన్స్ భార్య ఉష చిలుకూరి కుటుంబ మూలాలు పశ్చిమగోదావరి జిల్లా వడ్లూరులో ఉన్నాయని తెలిసిన రోజు నుంచీ వాన్స్ మనింటి అల్లుడైపోయాడు.

ఏ రాజకీయం మన మనసుకు తగులుతుందో కిలోమీటర్లు తేల్చవు, బంధాలు తేలుస్తాయి. మా వీధిలో చాలా ఇళ్లకు ఆంధ్రలో అన్నదమ్ములో, ఆడపడుచులో, అరెకరం పొలమో ఉంది. అక్కడ పింఛను పెరిగితే ఊళ్లో ఉన్న ముసలి తల్లికి నాలుగు డబ్బులు ఎక్కువొస్తాయి. కొన్ని ఇళ్లకు అమెరికాలో మేనల్లుడో, చెల్లెలి కొడుకో ఉన్నాడు. అక్కడ వీసా నిబంధన మారితే ఇక్కడ నిద్ర పట్టదు. దీన్ని వ్యర్థమైన ఆసక్తి అనలేం. మన ప్రాణాలు ఎక్కడెక్కడ పంచుకుని ఉన్నాయో అక్కడికల్లా మన చూపు పోతుంది.

ప్రవాసుల్లో కనిపించే ఈ తీరుకు పండితుడు బెనెడిక్ట్ ఆండర్సన్ 1990లలోనే ‘దూరం నుంచి నడిపే జాతీయవాదం’ అనే అర్థంలో ఒక పేరు పెట్టాడు. వలస వెళ్లినవాళ్లు విడిచి వచ్చిన నేల రాజకీయాల్లో ఆవేశంగా పాల్గొంటారని, దాని పర్యవసానం మాత్రం వాళ్లు అనుభవించాల్సిన పని ఉండదని ఆయన హెచ్చరించాడు. అక్కడ రోడ్డు వేసినా వేయకపోయినా నడిచేది మనం కాదు, పన్ను పెరిగితే కట్టేదీ మనం కాదు. అందుకే అక్కడి సంగతుల్లో మన మాట అంత నిర్భయంగా, అంత ఘాటుగా వస్తుంది.

ఓటు ఆలస్యంగా వచ్చిన నేల

మా దీవుల చరిత్రలో ఇంకో కారణం ఉంది. అల్లూరి సీతారామరాజు అనుచరుడు గాం మల్లుదొర అండమాన్ జైలులో శిక్ష అనుభవించి, 1952లో విశాఖపట్నం నుంచి తొలి లోక్‌సభకు వెళ్లాడు. ఆయనను బంధించిన ఈ దీవుల ప్రజలకు ఆ ఏడు తమ ఎంపీని ఎన్నుకునే హక్కే లేదు. రాష్ట్రపతి నామినేట్ చేసేవారు. అలా తొలి లోక్‌సభకు వెళ్లినవారు నికోబారీ బిషప్ జాన్ రిచర్డ్‌సన్. ఇక్కడివాళ్లు తొలిసారి ఓటేసి ఎంపీని ఎన్నుకున్నది 1967లో. గెలిచింది కె.ఆర్. గణేష్.

ఇప్పటికీ మాకు శాసనసభ లేదు. ముఖ్యమంత్రి లేడు. లెఫ్టినెంట్ గవర్నరు, అధికార యంత్రాంగం, వాటిపైన ఢిల్లీలో కేంద్ర హోం శాఖ. మేం ఎన్నుకునేది ఒక ఎంపీని, జిల్లా పరిషత్తునూ పంచాయతీలనూ, పోర్ట్ బ్లెయిర్‌లో 24 వార్డుల మున్సిపల్ కౌన్సిల్‌ను. 2024 సెప్టెంబరులో ఊరి పేరు శ్రీ విజయపురంగా మారిందన్న సంగతి కూడా మాకు ఢిల్లీ ప్రకటనతోనే తెలిసింది. పెద్ద నిర్ణయాలన్నీ ఎక్కడో జరిగేచోట, ఓటు మీద గురి కుదరడం కష్టం. చేపలమ్మే ఆవిడ ‘ఎవులో ఒకలు’ అనడం వెనక ఇంత చరిత్ర ఉంది. 2024లో ఆంధ్రలో దాదాపు 82 శాతం మంది ఓటేస్తే, మా దగ్గర ఓటేసినవాళ్లు 64 శాతం.

చూడటమూ చేయడమూ

అమెరికా పండితుడు ఆంథొనీ డౌన్స్ 1957లో ఒక లెక్క చెప్పాడు. ఒక్క ఓటుతో ఫలితం మారే అవకాశం చాలా తక్కువ కాబట్టి, ఓటరు కష్టపడి సమాచారం సేకరించకపోవడం తన దృష్టిలో సబబే అన్నాడు. ఆ లెక్కన ఏ రాజకీయాన్నీ ఎవరూ పట్టించుకోకూడదు. మరి జనం గంటలకు గంటలు రాజకీయాలు చూస్తున్నారెందుకు? దానికి సమాధానం 2020లో ఇటాన్ హెర్ష్ రాసిన పుస్తకంలో దొరుకుతుంది. రోజుకు రెండు గంటలకు పైగా రాజకీయాల మీద పెడుతున్నామన్న అమెరికన్లు మూడో వంతు ఉన్నారట. వాళ్లలో అయిదింట నాలుగు వంతుల మంది, ఆ సమయంలో ఒక్క నిమిషమైనా అసలు రాజకీయ పనికి వెచ్చించలేదని ఒప్పుకున్నారు. వాళ్లు రాజకీయాన్ని క్రికెట్ మ్యాచ్‌లా చూస్తున్నారు. మనవాడు కొడితే చప్పట్లు, అవుటైతే తిట్లు.

దూరపు రాజకీయం చూడటానికి ఎంతో వీలుగా ఉంటుంది. లేచి వెళ్లక్కర్లేదు, అర్జీ రాయక్కర్లేదు, ఎవరితోనూ మొహమాటపడక్కర్లేదు. వార్డు రాజకీయం అలా కాదు. సభ్యురాలు మన పక్కవీధి మనిషి. ఆమెను నిలదీస్తే రేపు పెళ్లిలో ఎదురుపడాలి. పని జరక్కపోతే మళ్లీ మళ్లీ తిరగాలి. ఈ ఇబ్బందిని తప్పించుకోవడానికే సగంమంది దూరపు రాజకీయం చాటుకు వెళ్తారని, ఇన్నేళ్లు చూశాక నాకు అనిపిస్తోంది.

సైకిల్ ఓడెక్కి వచ్చిన కథ

దగ్గరి రాజకీయాన్ని కూడా మనం దూరపు కళ్లద్దాలతోనే చూస్తామనడానికి మా ఊళ్లోనే ఒక ఉదాహరణ ఉంది. 2022 మార్చి 6న పోర్ట్ బ్లెయిర్ మున్సిపల్ కౌన్సిల్‌కు ఎన్నికలు జరిగాయి. 24 వార్డుల్లో బీజేపీకి పది, కాంగ్రెస్‌కు పది వచ్చాయి. తెలుగుదేశం రెండు గెలిచింది. డీఎంకే ఒకటి, స్వతంత్ర అభ్యర్థి ఒకటి. రెండు పెద్ద పార్టీలూ సమానంగా నిలవడంతో, రెండు వార్డుల సైకిల్‌కు ఎక్కడలేని విలువ వచ్చింది. 2023 మార్చిలో బీజేపీ మద్దతుతో తెలుగుదేశం సభ్యురాలు ఎస్. సెల్వి చైర్‌పర్సన్ అయ్యారు.

ఆ రోజు బీజేపీ జాతీయ అధ్యక్షుడు జె.పి. నడ్డా ఆమెను అభినందించారు, చంద్రబాబు కూడా అభినందించారు. వెంటనే విజయవాడ, హైదరాబాద్‌లలో చర్చలు మొదలయ్యాయి. 2018లో విడిపోయిన రెండు పార్టీలు మళ్లీ కలుస్తాయా? పోర్ట్ బ్లెయిర్ దానికి సంకేతమా? ఏడాది తర్వాత, 2024 మార్చిలో పొత్తు నిజంగానే కుదిరింది. మా ఊరి పేరు ఇన్నిసార్లు తెలుగు టీవీలో రావడం నాకు తెలిసి అదే మొదలు.

అప్పుడు మా వీధి అరుగుల మీద కూడా ఇదే చర్చ నడిచింది. కొత్త చైర్‌పర్సన్ నీటి సంగతి ఏం చేస్తారు, చెత్త సంగతి ఏం చేస్తారు అని అడిగినవాళ్లు అరుదు. మా ఊరి పదవిని మేమే ఆంధ్ర పొత్తుకు కొలబద్దగా చూశాం. దీవిలో తెలుగువాళ్ల సంఖ్యకు రాజకీయ విలువ ఉందని ఆ రెండు వార్డులు నిరూపించాయి. ఆ విలువను మన అవసరాల కోసం వాడుకోవడం ఇంకా మిగిలే ఉంది.

అమెరికా తెలుగువాళ్ల పాఠం

ఇది మా ఒక్కరి కథే కాదు. చంద్రబాబు అరెస్టు వేళ అమెరికా నగరాల్లో తెలుగువాళ్లు ప్రదర్శనలు చేశారు. భారత పౌరసత్వం ఉంచుకున్న ప్రవాసులకు ఓటరుగా నమోదయ్యే హక్కు 2010 చట్ట సవరణతో వచ్చింది, కాని ఓటెయ్యాలంటే స్వయంగా బూత్‌కు రావాల్సిందే. అయినా 2024లో సెలవు పెట్టుకుని, టికెట్ల ఖర్చు భరించి వచ్చి ఓటేసినవాళ్లున్నారు. ఆ నిబద్ధతను నేను మనసారా గౌరవిస్తాను.

అదే అమెరికాలో ఇంకో దారి పట్టినవాళ్లూ ఉన్నారు. హైదరాబాద్‌లో పుట్టి, చిన్నప్పుడే అమెరికా వెళ్లిన అరుణ మిల్లర్, మేరీల్యాండ్‌లో ఒక కౌంటీ రవాణా విభాగంలో సివిల్ ఇంజినీరుగా రోడ్ల పని చూశారు. ఆ తర్వాత రాష్ట్ర శాసనసభకు ఎన్నికయ్యారు. 2022లో అదే రాష్ట్రానికి లెఫ్టినెంట్ గవర్నరుగా గెలిచారు. ఉన్నచోట రోడ్డు, ఉన్నచోట బడి, ఉన్నచోట ఓటు: వలస వెళ్లినవాళ్లకు బలం అక్కడే పుడుతుంది.

ఇక్కడ ఓటు బరువెక్కువ

డౌన్స్ లెక్క మా దగ్గరకొచ్చేసరికి తేలిపోతుంది. 2019 లోక్‌సభ ఎన్నికలో కుల్‌దీప్ రాయ్ శర్మ గెలిచింది 1,407 ఓట్ల తేడాతో. ఆంధ్రలో ఒక్కో నియోజకవర్గంలో డెబ్బై వేలు, తొంభై వేలు మెజారిటీలు చూసి ఆనందించే మనం, మన సొంత ఎంపీ పీఠాన్ని రెండు మూడు బస్తీల జనం అటూ ఇటూ చేయగలరని గుర్తించలేదు. వార్డులో అయితే మరీను, రెండు వీధులు ఒక్కమాట మీద నిలబడితే ఫలితం మారుతుంది.

తేలాల్సిన విషయాలూ చిన్నవి కావు. మా ఊరికి తాగునీరు ప్రధానంగా ధనికారి డ్యాము నుంచి వస్తుంది. వానలు ఆలస్యమైతే నీళ్లు రోజు విడిచి రోజు, ఇంకా కరువైతే మరిన్ని రోజులకొకసారి. నీళ్లొచ్చే పూట మా ఇంట్లో మొదట నీలం డ్రమ్ములు, తర్వాత స్నానాల బకెట్లు, ఆఖరికి వంటింటి గిన్నెలు కూడా నింపుతాం. కుళాయి శబ్దం ఆగేదాకా ఎవరూ బయటికి కదలరు. దక్షిణాన గ్రేట్ నికోబార్‌లో రేవు, విమానాశ్రయం, పట్టణం, విద్యుత్ కేంద్రంతో రూ.72,000 కోట్ల అంచనాతో మొదలైన ప్రాజెక్టు ఉంది. దాని పరిధి 166 చదరపు కిలోమీటర్లు, అందులో ఎక్కువ భాగం అడవి. షోంపెన్‌లు, నికోబారీలు, 1969 నుంచి అక్కడ స్థిరపడ్డ మాజీ సైనికుల కుటుంబాలు, అందరి బతుకులూ దానితో ముడిపడి ఉన్నాయి. దీవి వాసులుగా మనకు దాని మీద అభిప్రాయం ఉండాలి. అనుకూలమో వ్యతిరేకమో, తెలుసుకుని చెప్పాలి.

2024 ఏప్రిల్ 19న ఆ గ్రేట్ నికోబార్‌లోనే షోంపెన్ తెగవారు ఏడుగురు జీవితంలో తొలిసారి ఓటేశారు. అడవి దాటి రావడమే అరుదైనవాళ్లు వచ్చి వేలిమీద సిరా వేయించుకున్నారు. బడులు, ఫోన్లు, కేబుల్ అన్నీ అందుబాటులో ఉన్న మనం ఆ పాటి నడక నడవలేమా?

ఆంధ్ర రాజకీయాలు చూడటం మానేయమని నేను చెప్పను. అమ్మానాన్నల ఊరి మీద మక్కువ చచ్చిపోతే మనలో చాలా చచ్చిపోతుంది. రోజుకు గంట చూస్తే, అందులో పది నిమిషాలు మన ఊరికి ఇవ్వమంటున్నాను. మీ వార్డు నంబరెంతో, సభ్యులెవరో పిల్లలకు చెప్పండి. నీళ్ల వేళలు వచ్చిన పేపర్లో టెండర్ల పేజీ కూడా చదవండి. కాలువ గురించో, వీధిదీపం గురించో కాగితం రాసి, నలుగురితో సంతకాలు పెట్టించి, స్వయంగా పట్టుకెళ్లి ఇవ్వండి. వచ్చే మున్సిపల్ ఎన్నికల్లో సైకిల్‌కు వేసినా, కమలానికి వేసినా, చేతికి వేసినా, ఆ అభ్యర్థిని ముందు మీ నీటి డ్రమ్ముల దగ్గరికి తీసుకొచ్చి మాట్లాడించండి.

పిఠాపురం సంగతి చూసుకోవడానికి అక్కడ లక్షల ఓటర్లున్నారు. జంగ్లీఘాట్ సంగతి చూసుకోవడానికి ఉన్నది మనమే.